ఆసుపత్రి సిబ్బంది జబ్బుల లెక్క

2001 మొదట్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుపట్టని మెదడువాపు జ్వరం చెలరేగింది. 66 మందికి సోకితే 45 మంది చనిపోయారు. అది నిపా వైరస్ అని తేలడానికి ఏళ్ళు పట్టింది. వైరస్ పేరు తెలియకపోయినా ఒక సంగతి మాత్రం కళ్ళెదుటే ఉంది: జబ్బుపడినవాళ్ళలో దాదాపు ముప్పావు వంతు ఆసుపత్రి సిబ్బంది, రోగుల్ని చూడవచ్చినవాళ్ళు. జ్వరం ఎక్కణ్ణుంచి పాకుతోందో చెప్పడానికి ఆ లెక్క చాలు. 2003 నాటి సార్స్‌లోనూ ప్రపంచమంతటా 8,096 కేసుల్లో 1,706 వైద్య సిబ్బందివే. కొత్త అంటువ్యాధి ఊరి మీద పడేముందు చాలాసార్లు వార్డులోనే బయటపడుతుంది. అందుకే నర్సులకూ ఆయాలకూ వచ్చే జ్వరాల్ని విడిగా, ఎప్పటికప్పుడు లెక్కపెట్టాలి.

ఆ పని ఎంత అరకొరగా జరుగుతోందో కోవిడ్ చూపించింది. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ఆ జబ్బుతో సుమారు 1,15,500 మంది వైద్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దేశాలు దానికి నివేదించిన మరణాల్లో వైద్య సిబ్బందివని గుర్తించినవి 6,643 మాత్రమే. మన దేశంలోనూ అంతే. ఆరోగ్యం రాష్ట్రాల అంశం కాబట్టి ఇలాంటి వివరాలు తమ దగ్గర ఉండవని 2020 సెప్టెంబరులో కేంద్రం రాజ్యసభకు చెప్పింది. దానికి జవాబుగా భారత వైద్య సంఘం (ఐఎంఏ) 382 మంది డాక్టర్ల మరణాల జాబితా ప్రకటించింది. డాక్టర్లకు సంఘం ఉంది కాబట్టి ఆ జాబితా అయినా వచ్చింది. వార్డు ఊడ్చే మనిషి చనిపోతే రాసుకునేదెవరు?

జబ్బు ఇంట్లోనో బస్సులోనో అంటుకుని ఉండొచ్చు కదా అంటారు. నిజమే, ఒక్కరి విషయంలో తేల్చలేం. అయితే ఒకే వార్డులో వారంలో నలుగురు మంచాన పడితే కారణం వెతకాల్సింది అక్కడే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం భయం. జ్వరమని చెబితే అవుట్‌సోర్సింగ్ కార్మికురాలికి ఆ రోజు కూలి పోతుంది. సూది గుచ్చుకుందని చెబితే నిర్లక్ష్యమని మాట పడాలి. కానీ దాచుకుంటే నష్టం ఇంకా పెద్దది. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివాళ్ళకు రోగి రక్తమంటిన సూదితో ముప్పు 30 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి జ్వరపు సెలవుకు జీతం ఇవ్వాలన్న షరతు కాంట్రాక్టులోనే ఉండాలి. పేర్లు ఆసుపత్రిలో ఒక్క వైద్యాధికారి దగ్గరే ఉంచి, పైకి వార్డులవారీగా, ఉద్యోగాలవారీగా అంకెలు పంపితే చాలు.