హెపటైటిస్ సి: రక్తపరీక్షయు తదనంతర కర్తవ్యమును

మహారాష్ట్రమున ఠాణే జిల్లాలోని భివండి మరమగ్గములకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ మొదలగు ప్రాంతముల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబము లనేకము తరతరములుగా ఇచట నివసించుచున్నవి. పద్మనగరమున నేటికిని తెలుగు వినవచ్చును. మగ్గము నడిచి బట్ట దిగినప్పుడే కూలి లభించు ఈ వృత్తిలో, బాధ కలిగింపని రోగమునకై ఒక దినము పని మానుట సులభము కాదు. హెపటైటిస్ సి బహుకాలము బాధ తెలియనీయని రోగము.

ఇది కాలేయమునకు సోకు ఒక వైరసు వలన కలుగును. ఈ వైరసు 1989లో గుర్తింపబడినది. ఆ పరిశోధనలకుగాను ఆల్టర్, హౌటన్, రైస్ అను శాస్త్రజ్ఞులకు 2020లో నోబెల్ బహుమానము లభించినది. ఇది ముఖ్యముగా రక్తము ద్వారా వ్యాపించును. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడుట, శుద్ధి చేయని శస్త్రపరికరములు, పచ్చబొట్టు సూదులు, పరీక్షింపని రక్తము దీనికి మార్గములు. తల్లి నుండి శిశువునకు కూడ సోకవచ్చును. కలిసి భుజించుట వలనను, తాకుట వలనను ఇది అంటదు. కావున రోగిని వెలివేయుట అజ్ఞానము.

పరీక్ష రెండు మెట్లుగా జరుగును. మొదటిది ప్రతిరక్షకముల పరీక్ష. అందు 'పాజిటివ్' అని వచ్చినచో, ఎన్నడో ఒకప్పుడు వైరసు సోకియుండవచ్చునని మాత్రమే అర్థము. సోకినవారిలో నూటికి 15 మొదలు 45 మందికి ఆరు నెలలలోపల చికిత్స లేకయే వైరసు తొలగిపోవును. ప్రతిరక్షకములు మాత్రము నిలిచియుండును. కావున వైరసు ఇప్పుడు రక్తములో నున్నదో లేదో తేల్చుటకు ఆర్.ఎన్.ఎ. పరీక్ష అవసరము. సోకిన తొలి వారములలో మొదటి పరీక్షకు ఏమియు తెలియకపోవచ్చును. అనుమానమున్నచో వైద్యుని సలహాపై మరల పరీక్షింపవలెను.

మొదటి కాగితము చేతికి రాగానే కొందరు భయపడి పసరు మందులకై పరుగెత్తుదురు. కొందరు 'కండ్లు పచ్చబడలేదు గదా' యని దానిని పెట్టెలో దాచుదురు. రెండును ప్రమాదకరములే. వ్యాధి నిలిచిపోయినవారిలో నూటికి 15 మొదలు 30 మందికి ఇరువది ఏండ్లలో కాలేయము గట్టిపడి సిరోసిస్ ఏర్పడవచ్చును. పిదప క్యాన్సరు కూడ రావచ్చును. తెగిన పడుగు పోగును వెంటనే ముడివేయనిచో లోపము బట్ట పొడవునను సాగునని నేతగానికి చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధికి టీకా లేదు, మందు కలదు. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలను సామాన్యముగా 12 వారములు, సిరోసిస్ ఉన్న కొందరు 24 వారములు సేవింపవలసియుండును. నూటికి 95 మందికి పైగా నయమగును. చికిత్సకు ముందు కాలేయస్థితిని, హెపటైటిస్ బి ఉన్నదా యను విషయమును పరీక్షింతురు. మందు ముగిసిన 12 వారములకు మరల ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేసి, వైరసు లేదని తేలినపుడే నయమైనదని చెప్పుదురు. సిరోసిస్ ఏర్పడినవారు అటుపిమ్మటను వైద్యుని పర్యవేక్షణలో నుండవలెను.

భారత ప్రభుత్వము 2018 జూలై 28న ఆరంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద ఈ పరీక్షలును మందులును ఉచితముగా లభించును. పండుగకో పెండ్లికో స్వగ్రామము పోవు కార్మికుడు పరీక్షా పత్రములను వెంట నుంచుకొనవలెను. మందును నడుమ మానరాదు. రెండవ పరీక్షకై పోవు ఒక్క దినపు కూలి, ఇరువది ఏండ్ల ఆయుష్షును కాపాడవచ్చును.