తరగతి గదిలో సంత

అర్థశాస్త్రమనగానే నల్లబల్లపై ఒకదాని నొకటి ఖండించుకొను రెండు రేఖలు చాలమంది పట్టభద్రుల కన్నుల యెదుట మెదలును. ఒకటి గిరాకి, రెండవది సరఫరా. అవి కలిసిన చోట ధర. పరీక్షలో ఆ బొమ్మ గీయనివారు లేరు. దానిని నిజముగా నమ్మినవారెందరో చెప్పజాలము.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఎడ్వర్డు ఛేంబర్లిన్ అను ఆచార్యుడు ఈ బొమ్మను విద్యార్థులచేతనే ఆడించి చూచెను. కొందరికి అమ్మకపు చీట్లు, కొందరికి కొనుగోలు చీట్లు పంచెను. చీటిపైనున్న అంకెకు తక్కువగా అమ్మువాడు అమ్మరాదు. దానికి మించి కొనువాడు ఈయరాదు. ఇక గదిలో తిరుగుచు ఎవరికి వారు బేరమాడుకొనవలెను. 1948లో ఆయన ప్రకటించిన ఫలితములు రేఖలు చెప్పినట్లు లేవు. జరుగవలసినదానికంటె ఎక్కువ బేరములు జరిగినవి!

ఇదెట్లో లెక్కవేసి చూడుడు. అమ్మువారి చీట్లు 2, 4, 6, 8, 10 రూపాయలు; కొనువారివియు నవియే యనుకొందము. 10 రూపాయల కొనుగోలుదారు 8 రూపాయల అమ్మకందారు నెదుర్కొని 9కి కొనును. అట్లే 8వాడు 6వాని యొద్ద 7కి, 6వాడు 4వాని యొద్ద 5కి, 4వాడు 2వాని యొద్ద 3కి. బేరములు నాలుగు, అందరి లాభము కలిపి 8 రూపాయలు. అందరికిని 6 రూపాయల ధరయే తెలిసియున్నచో లాభము వచ్చు బేరములు రెండే, కాని మొత్తము లాభము 12 రూపాయలు. పశువుల సంతలో తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడినవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఆ తరగతిలో ఆడిన వెర్నన్ స్మిత్ అను విద్యార్థికి ఆనాడిది పిల్లలాటవలె తోచెను. తానును బోధకుడైన పిమ్మట, 1956లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున, నియమము మార్చెను: ధరను అందరును వినునట్లు బిగ్గరగా పలుకవలెను, ఆటను మరల మరల ఆడవలెను. ఒకరి చీటి నొకరు చూడకయే, కొలది ఆటలలో ధర రేఖలు కలిసిన చోటికి చేరసాగెను. ఈ త్రోవలో సాగిన కృషికే 2002లో ఆయన డానియల్ కానెమన్‌తో నోబెల్ బహుమానము పంచుకొనెను.

ఐతే బహిరంగపు బేరములో 4 రూపాయల కొనుగోలుదారు వట్టి చేతులతో మిగులును. "నాకేల దొరకలేదు?" అని అతడడుగును. ఆ ప్రశ్న పుట్టకముందే రేఖలు గీయు ఉపాధ్యాయుడు ఆటను చెడగొట్టినట్లే.

ఇంట పదిమంది చేరిన సాయంకాలము పది కాగితపు ముక్కలు చాలును. మొదట గుసగుసగా, పిదప బిగ్గరగా ఆడించి, రెండు మారులును లాభములు వ్రాసికొనుడు.