కనుఱెప్పలపై పసుపుమచ్చలు: ఆమ్లమా, లేజరు కిరణమా?



నడివయసు దాటిన కొందఱి కనుఱెప్పలపై, ముక్కునకు సమీపమున, మెత్తని పసుపుపచ్చని బిళ్లలు లేచుట మీరు చూచియుందురు. వైద్యులు వీనిని జాంథెలాస్మా యందురు. పసుపుపచ్చని లోహపురేకు అని గ్రీకుభాషలో నర్థము. చర్మములోని కొన్ని కణములు కొలెస్టరాలను క్రొవ్వును మ్రింగి యచ్చటనే నిలిచిపోవుటచే నివి యేర్పడును. నొప్పి లేదు, చూపునకు హాని లేదు. అయినను అద్దము చూచుకొన్నపుడెల్ల మనసు చివుక్కుమనును.

షాబాదులో మా వీథి గృహిణి యొకతె, "పంతులుగారూ, ఆసిడు పూయించుకొందునా, లేజరు చేయించుకొందునా?" అని నన్నడిగినది. నేను వైద్యుడను గాను, బడిపంతులను. చదివి తెలిసికొన్నది మాత్రము చెప్పెదను.

ఈ విచారణ మన ప్రాచీనులకు క్రొత్త గాదు. సుశ్రుతుడు సూత్రస్థానమున క్షారకర్మమును, పిదప నగ్నికర్మమును వివరించి, అగ్నిచే దగ్ధమైన రోగము మరల పుట్టదు గావున క్షారముకంటె నగ్నియే మేలనెను. ఱెప్పల రోగములందు కాల్చునపుడు తడి లత్తుకతో దృష్టిని కప్పుమని హెచ్చరించెను. నేడు లేజరు వేయునపుడు ఱెప్పక్రింద లోహకవచము నుంచుదురని చదివినపుడు నాకా లత్తుకయే స్మృతికి వచ్చినది!

నేటి లేపనము క్షారము గాదు, ఆమ్లము. పని మాత్రము దహించుటయే. ట్రైక్లోరో ఎసెటిక్ ఆమ్లమును సన్నని పుల్లతో మచ్చపైననే అద్దుదురు. చర్మము వెంటనే తెల్లబాఱి, పిమ్మట పెచ్చుగట్టి, కొన్నిదినములకు రాలును. ఖర్చు తక్కువ. కాని మచ్చ దళసరియైనచో పలు విడతలు కావలెను.

కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కనిపెట్టినవారు బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ గారు. చర్మములోని నీరు ఆ కిరణమును పీల్చుకొని యావిరియగును. దానితో మచ్చ పొరపొరగా తొలగును. మత్తుసూది వేసి చేయుదురు. తఱచుగా నొక్క విడతయే చాలును. ఖర్చు మాత్రము హెచ్చు. పలుచని చిన్నమచ్చకు ఆమ్లము, దళసరిదానికి లేజరు తగునని నా కనిపించుచున్నది. రెండింటను మన చామనచాయ చర్మముపై నల్లనిదో తెల్లనిదో మచ్చ మిగులవచ్చును. సుశ్రుతుని వాక్యమిచ్చట చెల్లదు: ఎట్లు తీసినను ఇది మరల రావచ్చును.

ఈ మచ్చలు గలవారిలో సుమారు సగముమందికి రక్తమున కొలెస్టరాలు సరిగానే యుండును. అయినను నిశ్చింత కూడదు. కోపెన్‌హాగెన్ నగరమున 1976 మొదలుకొని 12,745 మందిని పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితమును బట్టి, కొలెస్టరాలును లెక్కలోనికి తీసికొన్న పిదపను, మచ్చలు గలవారికి గుండెపోటు లేనివారికంటె దాదాపు ఒకటిన్నర రెట్లు వచ్చినది. కావున నా గృహిణితో, ముందు రక్తపరీక్ష చేయించుకొమ్మంటిని. ఆమె తండ్రి నలువదియేండ్లకే గుండెపోటున పోయెనట. పరీక్షలో కొలెస్టరాలు మిక్కుటముగా నున్నట్లు తేలినది. ఇపుడు మందు వాడుచున్నది. ఱెప్పల మాట తరువాత చూచుకొందునన్నది.

ఇంకొకమాట. పులిపిరులకు వలె వీనికి జిల్లేడుపాలో సున్నమో పూయుమని చెప్పువారు పల్లెలలో నున్నారు. అవి కంటిలో బడినచో నల్లగ్రుడ్డు దెబ్బతినును. చేవెళ్ల, మొయినాబాదుల మీదుగా మెహదీపట్నము చేరినచో సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల కలదు. ఱెప్ప నచ్చట చూపవచ్చును.