స్కూటర్ అరుస్తోంది, స్పీడ్ రావట్లేదా? ఇంజిన్ విప్పే ముందు బెల్ట్ చూడండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మెట్రోలో మూడే స్టేషన్లు. సాయంత్రం స్కూటర్ మీద అయితే ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. గేర్లు లేని స్కూటర్‌లో ఈ ట్రాఫిక్‌కి బాగా నలిగేది సీవీటీ, అంటే బెల్ట్, రోలర్లు, క్లచ్.

నా ఐదేళ్ల స్కూటర్ ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గోల పెట్టేది, స్పీడ్ మాత్రం పెరిగేది కాదు. ఒక మెకానిక్ ‘ఇంజిన్ దించాలి’ అన్నాడు. ముందు ఎడమవైపు కవర్ విప్పమన్నా. బెల్ట్ అరిగి సన్నబడింది. వెర్నియర్‌తో కొలిస్తే మాన్యువల్‌లోని లిమిట్ కంటే తక్కువే! బెల్ట్, రోలర్లు మార్చాక అదే ఫ్లైఓవర్ హాయిగా ఎక్కేసింది. ఇంజిన్ ముట్టుకోలేదు.

మంచు మీద తిరిగే స్నోమొబైల్స్‌లోనూ ఎక్కువగా ఉండేది ఇలాంటి బెల్ట్ సీవీటీనే. 1959లో కెనడాలో బొంబార్డియర్ స్కీ-డూ తెచ్చింది. అక్కడ బెల్ట్ తెగితే మంచు మధ్యలో ఇరుక్కున్నట్టే, అందుకే రైడర్లు స్పేర్ బెల్ట్ వెంట పెట్టుకుంటారు. మనకి మంచు లేదు గానీ, అండర్‌పాస్‌లో బండి ఆగిపోతే వెనకాలే ఆర్టీసీ బస్సు ఉంటుంది.

కదిలేటప్పుడు మాత్రమే వణుకుతుంటే ముందు క్లచ్‌ని అనుమానించండి. పికప్ కుదుపులతో వస్తుంటే రోలర్లు ఒకవైపు అరిగాయేమో చూడండి. బెల్ట్‌కి గ్రీజు మరక కూడా తగలకూడదు, జారిపోతుంది. వాన నీళ్లలోంచి వచ్చాక బెల్ట్ జారుతున్నట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ గట్టిగా తిప్పకండి. ఆరాక కూడా జారుతుంటే కవర్ విప్పించండి.