పెద్ద, చిన్న ముందు చేతికి తెలవాల

మూడేళ్ల గుంటని పిలిచి ‘పెద్దది’ అంటే ఏటని అడగండి. నోటితో చెప్పదు, రెండు చేతులూ బార్లా చాపుతాది. సైజన్నది ముందు చేతికి తెలిసి, తర్వాత మాటలోకి వస్తాది. మన కాన్వెంటుల్లో జరిగేది దీనికి తిరగేసి. వర్క్‌బుక్కు ముందు పెట్టి ‘పెద్దదానికి టిక్కు పెట్టు’ అంటారు. కాగితం మీద ఏనుగూ పల్చనే, ఎలకా పల్చనే. చేత్తో ఎత్తి చూడ్డానికి ఏముంది అందులో?

అలాటి చోట్ల బోర్డు మీద చానాసార్లు ‘మాంటిస్సోరి’ అని రాసుంటాది. ఆ పేరు చూసి కూలి డబ్బులు తెచ్చి ఫీజు కడతన్నారు మనోళ్లు. నిజానికి ఈ పద్ధతి మొదలైందే లేనోళ్ల పిల్లలతోటి. మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు.

ఆవిడ సామానులో తెలివెక్కడుందో చూడండి. గులాబీ టవరని ఒకటుంది. పది చెక్క దిమ్మలు, చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది సెంటీమీటర్లు. అన్నింటికీ ఒకటే రంగు, ఒకటే ఆకారం. మారేది సైజొక్కటే, అందుకని గుంట బుర్ర అటూ ఇటూ పోదు. కంటికి పెద్ద దిమ్మ చిన్నదానికి పదింతల పొడుగే. చేత్తో ఎత్తితే బరువు వెయ్యింతలు! ఆ సంగతి పుస్తకం చెప్పలేదు.

మనం అన్నింటికీ ‘పెద్దది’ అని ఒక్కమాట అనేస్తాం. ఇక్కడ అలగ కుదరదు. టవరుతో పెద్ద, చిన్న. గోధుమరంగు మెట్లని ఇంకోటుంది. అన్నీ 20 సెంటీమీటర్ల పొడుగే, మందమే మారతాది. దాంతో లావు, సన్నం. ఎర్ర కర్రలతో పొడుగు, పొట్టి. ముందు బాగా తేడా ఉన్న రెండే ఇవ్వాల. ‘ఇది పొడుగు, ఇది పొట్టి’ అని చెప్పాల. కాసేపాగి ‘పొడుగుది ఇయ్యమ్మా’ అనాల. ఆఖరికి ఒకటి చూపించి ‘ఇదేటి?’ అనడగాల. తప్పు చెప్తే కసరొద్దు, ఎత్తేసి ఇంకోరోజు చూసుకోవచ్చు.

ఎర్ర కర్రలు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. పది సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా, పదేసి సెంటీమీటర్లు పెంచుకుంటా పది ముక్కలు. మొత్తం అయిదున్నర మీటర్ల కర్ర. వడ్రంగిని ఒకే మందంలో కోసిమ్మని, అంచులు నున్నగా రుద్దించండి. (చెరకు గెడలతో చెయ్యకండి, మధ్యాన్నానికి ఒక్కటి మిగలదు.)

అన్నింటికన్నా నాకు నచ్చింది గుండ్రటి కట్టెల పెట్టె. పది గుంతలు, పది కట్టెలు, దేని గుంత దానికే. సన్నదాన్ని లావు గుంతలో పెట్టేస్తే ఆఖర్న ఒక కట్టె దూరదు. టీచరు నోరు తెరవక్కర్లేదు, గుంటే మళ్లీ తీసి సర్దుకుంటాది.

ఇలగ గుండ్రంగా తిప్పే పనికి మన జిల్లాని మించింది ఏది? యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. మెత్తటి అంకుడు కర్ర, లక్క, గింజల్నుంచీ బెరడుల్నుంచీ తీసిన రంగులు. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపొచ్చింది. ఆ రంగుల మీద పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అవార్డులొచ్చాయి, బొమ్మలు షోకేసులోకి ఎక్కాయి. పక్కూరి అంగన్వాడీ గుంట చేతిలోకి మాత్రం రాలేదు.

అంగన్వాడీ అంటే మనకి గుడ్డు, పాలు. అవి రాకపోతే అడుగుతాం, అడగాల కూడా. అయితే 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పట్నుంచీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి బడికి ముందు చదువు చెప్పడం కూడా దాని పనుల్లో ఒకటి. దాని గురించి ఎవడూ అడగడు. కార్యకర్తని తప్పుపట్టకండి, ఆవిడ నెత్తిన రికార్డులూ సర్వేలూ బోల్డున్నాయి. అడగాల్సింది పంచాయతీనీ, పైనున్న ఆఫీసర్లనీ.

వచ్చే గ్రామసభలో కుర్రోళ్లు నలుగురు లేచి, మా అంగన్వాడీకి ఏటికొప్పాకలో చేయించిన సెట్టు ఒకటి కావాలని కాగితం రాసివ్వండి. కొలతలు పైనున్నాయి. ఒక సెంటీమీటరు దిమ్మ మాత్రం లెక్కపెట్టి దాచమని చెప్పండి, చంటిపిల్లలు నోట్లో పెట్టేసుకుంటారు.