వరల్డ్ హెరిటేజ్: పిరమిడ్లు ఆఫ్రికాలోనే ఉన్నా.. యునెస్కో లెక్కలో ‘ఆఫ్రికా’ కాదు! ఎందుకో తెలుసా?

చాగలమర్రి: అహోబిలం ఎక్కడుందని అడిగితే చాగలమర్రి, ఆళ్లగడ్డ వైపు చిన్న పిల్లలు కూడా ఠక్కున చెప్పేస్తారు. మరి ఈజిప్టు పిరమిడ్లు ఏ ప్రాంతానివి? మ్యాప్ చూసి ‘ఆఫ్రికా’ అంటే కరెక్టే. కానీ ప్రశ్నలో ‘యునెస్కో ప్రకారం’ అన్న మాట ఉంటే మాత్రం మార్కు పోయినట్టే. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తేడా ఒక్కసారి పట్టుకుంటే చాలు, పెద్ద జాబితాను బట్టీ పట్టే బాధ తప్పుతుంది.

ఉన్నవి ఐదే ప్రాంతాలు

ప్రపంచ వారసత్వ ఒప్పందం 1972లో వచ్చింది. జాబితాలోని కట్టడాలను యునెస్కో ఐదు ప్రాంతాలుగా చూస్తుంది. అవి: ఆఫ్రికా, అరబ్ దేశాలు, ఆసియా-పసిఫిక్, యూరప్-ఉత్తర అమెరికా, లాటిన్ అమెరికా-కరీబియన్.

ఇవి ఖండాలు కావు. యునెస్కో తన పనుల కోసం దేశాలను కలిపి చేసుకున్న గ్రూపులు. అంటే కట్టడం ఏ ఖండంలో ఉందన్నది కాదు, ఏ దేశానిదన్నదే ముఖ్యం. ఆ దేశం ఏ గ్రూపులో ఉంటే కట్టడం కూడా అందులోనే.

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే

* గీజా పిరమిడ్లు (1979): ఈజిప్టు అరబ్ దేశాల గ్రూపులో ఉంది. సుడాన్, అల్జీరియా, మొరాకో కూడా అంతే.
* పెట్రా (1985): జోర్డాన్ ఆసియా ఖండంలో ఉన్నా అరబ్ దేశాల గ్రూపే.
* పెర్సెపోలిస్ (1979): ఇరాన్‌ను అరబ్ దేశం అనుకుంటే పొరపాటే. ఇది ఆసియా-పసిఫిక్.
* బైకాల్ సరస్సు (1996): సైబీరియాలో, అంటే ఆసియాలో ఉంది. రష్యాది కాబట్టి యూరప్-ఉత్తర అమెరికా.
* చిచెన్ ఇట్జా (1988): మెక్సికో ఉత్తర అమెరికా ఖండంలో ఉన్నా లాటిన్ అమెరికా-కరీబియన్‌లోకి వస్తుంది.
* సిడ్నీ ఒపేరా హౌస్ (2007): ఆస్ట్రేలియాకు విడిగా గ్రూపు లేదు. ఆసియా-పసిఫిక్.

అసలు ‘ఆఫ్రికా’ గ్రూపులో ఏముంటాయి? ఇథియోపియాలోని లాలిబెల రాతి చర్చిలు, గ్రేట్ జింబాబ్వే లాంటివి.

మన తెలుగు నేల సంగతేంటి?

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. తాజ్‌మహల్, హంపి లాగే ఇదీ ఆసియా-పసిఫిక్ లెక్కలోకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి లేపాక్షి 2022లో, తిరుమల కొండలు, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు 2025లో తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. తాత్కాలిక జాబితాలో ఉన్నంత మాత్రాన హోదా వచ్చినట్టు కాదు. హోదా కోసం ప్రతిపాదన పంపాలంటే ముందు ఆ జాబితాలో పేరుండాలి, అంతే. వాట్సాప్‌లో ‘యునెస్కో గుర్తింపు వచ్చేసింది’ అని మెసేజ్ కనిపిస్తే, అది ఏ జాబితానో చూసుకున్నాకే ఫార్వర్డ్ చేయడం మంచిది.

గుర్తుపెట్టుకోవడం ఎలా?

కట్టడం పేరు పక్కన ముందు దేశం పేరు రాసుకోవాలి, ఆ తర్వాతే ప్రాంతం. ఈజిప్టు, జోర్డాన్, ఇరాన్, రష్యా, మెక్సికో, ఆస్ట్రేలియా.. మ్యాప్ చూసి పొరబడే ఈ ఆరు దేశాలను విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ప్రశ్నలో ‘ఖండం’ అని ఉందా, ‘యునెస్కో ప్రాంతం’ అని ఉందా అన్నది చూశాకే ఆన్సర్ పెట్టాలి.