అంగీకంటిన దుమ్ము

ప్రొద్దుటూరులో షెడ్డు మూసి ఇల్లు చేరిన మెకానిక్ అంగీ విప్పి దండెం మీద పడేస్తాడు. తెల్లారి ఇల్లాలు దాన్ని వాకిట్లో రెండుసార్లు విదిలించి సబ్బునీళ్లలో ముంచుతుంది. ఆమె పోరాటమంతా గ్రీసు మరకతోనే. బ్రేకు డ్రమ్ము విప్పి గాలి కొట్టినప్పుడు లేచి అంగీకి అంటుకున్న దుమ్మును ఆ ఇంట్లో ఎవరూ మరక కింద జమకట్టరు.

పాత రకం లైనింగైతే ఆ దుమ్ములో రాతినార, అదే ఆస్‌బెస్టాస్, ఉంటుంది. అదే జిల్లాలోని పులివెందులకు అది కొత్త సరుకేం కాదు. వేంపల్లె సున్నపురాతి పొరల్లోకి నల్లరాయి కరిగి చొచ్చుకొచ్చిన చోట, బ్రాహ్మణపల్లె ప్రాంతంలో, తెల్ల రాతినార తవ్వేవారు. రాయిని సుత్తితో కొట్టి నార వేరుచేసే పనిలో ఆడకూలీలూ ఉండేవారు. మంటకు కాలదు, రాపిడికి ఓర్చుకుంటుంది. అందుకే రేకుల్లోకీ, బ్రేకు లైనింగుల్లోకీ, క్లచ్ ప్లేట్లలోకీ చేరింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా అంతే, తేలిగ్గా కరగదు. అది తెచ్చే క్యాన్సరు బయటపడేసరికి ముప్పై నలభై ఏళ్లు గడిచిపోతాయి.

కేంద్రం 1986లో కొత్త రాతినార గని లీజులు ఆపింది, 1993లో పాతవాటి రెన్యువల్ కూడా ఆపింది. తవ్వకం వద్దన్నా వాడకం వద్దనలేదు. రష్యా నుంచి ఓడల్లో ఇప్పటికీ దిగుతోంది. మన కొండది ప్రమాదమైతే పరాయి కొండది కాదా?

లండన్‌లో 1965లో ఇద్దరు పరిశోధకులు ఈ నార తెచ్చే మీసోథెలియోమా అనే క్యాన్సరు రోగుల చరిత్రలు తిరగేశారు. వారిలో తొమ్మిదిమంది ఏనాడూ రాతినార పని చేయలేదు, ఇంట్లోవాళ్లు చేశారు. ఆ తొమ్మిదిలో ఏడుగురు ఆడవాళ్లు. ఎక్కువమంది చేసిందల్లా మొగుడి పనిబట్టలు ఉతకడమే.

మన సుప్రీంకోర్టు 1995లో రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచాలంది. మంచి తీర్పే. కానీ బట్టలు ఉతికిన మనిషికి మస్టరు ఎక్కడుంది?

జమ్మలమడుగు దారిలో సిమెంటు లారీల పక్కన, మొగుడి బండి వెనక ఒళ్లో బిడ్డతో, హెల్మెట్ లేకుండా పోయే ఆమె ముప్పునూ ఇలాగే ఎవరూ లెక్కపెట్టరు, ఆమెకు చట్టం ఉన్నా. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలంటుంది. చీర చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పాలని 1989 నాటి రూల్సు చెబుతున్నాయి. బండి అందం కోసం ఆ శారీ గార్డు ఊడదీయించేది మాత్రం మనమే.

మెకానిక్ అన్నలారా, బ్రేకు దుమ్ముకు గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. లైనింగు కొనేటప్పుడు డబ్బా మీద ఆస్‌బెస్టాస్ లేనిదని రాసుందో లేదో చూడండి. పనిబట్టలు షెడ్డులోనే విప్పి, విదిలించకుండా తడిపి, మీరే ఉతుక్కోండి.